ఎంతగారు

భగవంతుడు ఒక్కో మనిషి నాలుక మీద ఒక్కో మాట రాసి కిందికి పంపుతాడంటారు. ఎంతగారి నాలుక మీద రాసినవి రెండే రెండు అక్షరాలు: ఎంత. ఎవరు ఏం చెప్పినా, ఏం అడిగినా, ముందు ఆ నోట్లోంచి వచ్చేది అదే. "ఉప్పు మంచిదేనంటారా?" అంటే "ఎంత?" అంటారు. "బయట ఎండగా ఉందండీ" అంటే "ఎంత ఎండ? అందులో ఎంతసేపున్నారు?" అంటారు. "మీకు దేవుడి మీద నమ్మకం ఉందా?" అని ఒక పెద్దమనిషి అడిగితే, కాసేపు ఆలోచించి, "ఎంత ఉంటే సరిపోతుందండీ?" అని వినయంగా అడిగారట. ఆయనకు దేవుడంటే చాలా భక్తి. ఆ మాట కూడా భక్తితోనే అడిగారు.

అసలు పేరు హాజరు పట్టీలో ఉంది. అయితే ఆయన సంతకం ఎవరికీ అర్థం కాదు కాబట్టి అది ఉండీ లేనట్టే. ఆఫీసులో పెద్దాఫీసరు దగ్గర్నుంచి గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చునే ప్యూను దాకా అందరికీ ఆయన ఎంతగారే.

ఆ ఆఫీసు పని ఆహార భద్రత. తిండిలోనో నీళ్ళలోనో చేరకూడని మందూ, లోహమూ, బూజూ చేరితే అది మనిషికి ఎంత చేటు చేస్తుందో లెక్క కట్టి చెప్పాలి. ఆ లెక్క కట్టేది ఎంతగారు. రెండో అంతస్తులో, నమూనాలు దాచే ఫ్రిజ్ రోజంతా గురగురమనే వరండా చివర, ఆయన గది. బల్ల మీద చిన్న త్రాసు, దారంతో కట్టిన ఏడు రకాల చెంచాలు, రకరకాల ఇళ్ళ నుంచి అడిగి తెచ్చుకున్న పద్దెనిమిది గ్లాసులు. కొత్తవాళ్ళు అది టీకొట్టనుకుని రెండు టీలు చెప్పిన రోజులూ ఉన్నాయి.

ఆయన కట్టిన లెక్కని జనానికి అర్థమయ్యే మాటల్లోకి మార్చి, ప్రకటన రాసి, ఫోన్లకి జవాబు చెప్పడానికి ఒక అమ్మాయిని వేశారు. అంతకుముందు ఆమె ఒక కంపెనీలో సబ్బుల ప్రకటనలు రాసేది. సబ్బు వాడితే ముఖం వెలిగిపోతుందని ఆరేళ్ళు రాసింది. ఎంత వెలుగుతుందని అడిగినవాడు లేడు.

చేరిన రోజున చేతులు జోడించి, "నమస్కారం సార్! మీ గురించి చాలా విన్నాను" అంది.

"ఎంత?"

"అంటే... ఓ రెండు మూడు సంగతులు సార్."

"రెండా, మూడా?"

ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, "రెండున్నర సార్. ఒకటి ప్యూను సగంలో ఆపేశాడు" అంది. ఎంతగారి ముఖం విప్పారింది. "కూర్చో అమ్మా. నువ్వు పనికొస్తావు" అన్నారు. ఆ మాట సబ్బుల కంపెనీలో ఆరేళ్ళలో ఒక్కరూ అనలేదు. ప్రకటనలమ్మాయి ఆ పూటే ఇంటికి వెళ్ళి, దేవుడి పటం ముందు నిలబడి, ఉద్యోగం ఇచ్చినందుకు దణ్ణం పెట్టుకుంది. వారం తిరిగేసరికి, ఆ దణ్ణం ఎంత తొందరపడి పెట్టానా అనుకుంది.

ఎందుకంటే ఫోను మోగేది. ఆమె తీసేది. మాట్లాడేది మాత్రం ఎంతగారు.

ఒకనాడు ఎవరో తండ్రి ఏడుపు గొంతుతో చేశాడు. "సార్, మావాడు రంగు పెన్సిలు తినేశాడండీ!"

"ఎంత?"

"ఒకటండీ!"

"పొడుగెంత?"

"నా చిటికెన వేలంత ఉంటుందండీ."

"మీ చిటికెన వేలు ఎంత?"

"సార్! పిల్లాడండీ!"

"పిల్లాడి బరువెంత?"

అలా సాగి సాగి, ఏ రంగు, ఏ కంపెనీ, మింగాడా నమిలాడా, పొట్ట నిండి ఉందా ఖాళీగా ఉందా అన్నీ అయ్యాక, అవతలి గొంతులో వణుకు తగ్గింది. "వాడు నవ్వుతున్నాడండీ" అన్నాడు.

"ఎంత నవ్వుతున్నాడు?"

"నోరంతా నీలంగా ఉంది, చెవులదాకా నవ్వుతున్నాడండీ."

"అయితే ఏం భయం లేదు. మైనమూ, రంగూ. రేపు దొడ్డికి నీలంగానే వెళ్తాడు, కంగారుపడి మళ్ళీ ఫోను చెయ్యకండి" అని పెట్టేశారు. మర్నాడు ఆ తండ్రి ఫోను చేశాడు. కంగారుతో కాదు, థాంక్స్ చెప్పడానికి.

ఇంట్లో సంగతి అడగనక్కర్లేదు. ఆయన భార్య ఒకసారి ఆఫీసుకి వచ్చినప్పుడు ప్రకటనలమ్మాయి చెవిలో చెప్పింది: "పెళ్ళిచూపుల్లో మా నాన్న, 'మా అమ్మాయిని బాగా చూసుకుంటావా బాబూ?' అని అడిగితే, ఈయన 'ఎంత బాగా అండీ?' అన్నారు. మా నాన్న మొహం చూడాలి! సంబంధం తప్పిపోయిందనే అనుకున్నాం."

"మరి ఎలా కుదిరిందమ్మా?"

"నేనే లోపల్నుంచి కేకేశాను, 'మా నాన్న చూసుకున్నంత' అని. 'అయితే ఓ వారం మీ ఇంటికి వచ్చి చూసిపోతాను' అన్నారు. వచ్చారు కూడా! రోజూ వచ్చి గుమ్మం దగ్గర కూర్చుని, మా నాన్న నన్నెలా పిలుస్తాడో, ఎన్నిసార్లు తిన్నావా అని అడుగుతాడో చూసి వెళ్ళేవారు. ముప్ఫై ఏళ్ళయింది. లెక్క తప్పలేదులే" అని నవ్వింది.

అలాంటి మనిషితో ప్రకటనలు రాయడమంటే మాటలా? ఆమె "ప్రమాదకరం" అని రాస్తే కింద ఎర్ర పెన్సిలుతో "ఎంత?" అని వచ్చేది. "స్వల్పంగా" అని రాస్తే "అంటే ఎంత?" అని వచ్చేది. విసుగెత్తి "ఎంతో కొంత" అని రాసింది ఒకసారి. ఆ కాగితం మూడు రోజుల దాకా వెనక్కి రాలేదు. చూస్తే ఆయన దాన్ని ముందు పెట్టుకుని దిగులుగా కూర్చుని ఉన్నారు.

ఓసారి సముద్రపు పెద్ద చేపల్లో పాదరసం కనబడింది. వారానికి ఎంత తినొచ్చో చెప్పాలి. గ్రాముల్లో రాస్తే ఎవరికి తెలుస్తుంది? వంటింట్లో త్రాసు పెట్టుకుని చేప తినేది ఆయనొక్కరే. "అరచెయ్యంత ముక్క అని రాద్దాం సార్" అంది ప్రకటనలమ్మాయి. ఆయన కళ్ళు మెరిశాయి. "ఎవరి అరచెయ్యి?" అన్నారు. ఇక ఆ రోజంతా ఆఫీసులో పని ఆగిపోయింది. ప్యూను చెయ్యీ, లాబొరేటరీ ఆయన చెయ్యీ, పెద్దాఫీసరు చెయ్యీ కాగితం మీద పెట్టించి చుట్టూ గీత గీశారు. పెద్దాఫీసరు చెయ్యి అందరికన్నా చిన్నదని తేలింది. ఆయన వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

"చేతులన్నీ వేరువేరుగా ఉన్నాయి సార్. ఇదీ కుదరదు" అంది ఆమె నీరసంగా.

"కుదురుతుందమ్మా. పిల్లకి పిల్ల చెయ్యి, తల్లికి తల్లి చెయ్యి. మనిషి ఎంతో చెయ్యీ అంతే ఉంటుంది. భగవంతుడు కొలపాత్ర ఎవరిది వాళ్ళకే ఇచ్చి పంపించాడు" అన్నారు ఎంతగారు. ఆ ప్రకటన చూసి చేపలమ్మేవాళ్ళు కూడా తిట్టలేదు.

ఇలా నడుస్తుండగా బడి గొడవ వచ్చింది.

ఊరి చివర ఒక బడి. తొంభై మంది పిల్లలు. శనివారం ఆటల పోటీలు జరిగాయి. మధ్యాహ్నం భోజనాలయ్యాక, చివరి పరుగుపందెం అయ్యాక, పిల్లలందరికీ నిమ్మరసం ఇచ్చారు. అరగంట తిరగకుండా ఒకరి తర్వాత ఒకరు వాంతులు. మొత్తం ముప్ఫైఒక్క మంది. భగవంతుడి దయవల్ల మర్నాటికి అందరూ లేచి తిరుగుతున్నారు. లేచి తిరిగేది పిల్లలే, పెద్దవాళ్ళకి మాత్రం అప్పుడే మొదలైంది.

ఎందుకంటే, వాంతులైనవాళ్ళలో పందేలు గెలిచినవాళ్ళే ఎక్కువ. కప్పులు అందుకున్న పిల్లలందరూ పడ్డారు. చెట్టు కింద కూర్చుని చప్పట్లు కొట్టిన పిల్లలకి ఏమీ కాలేదు. ఇక చెప్పేదేముంది? "గెలిచినవాళ్ళకే ఎవరో విషం పెట్టారు" అన్నారొకరు. "ఎవరో ఏమిటి? వంటావిడ మనవరాలు పరుగులో ఆఖర్న వచ్చింది కదా" అన్నారు ఇంకొకరు. సాయంత్రానికి గోరంత కొండంతయింది. ఎలుకల మందు కలుపుతుండగా కళ్ళారా చూశామన్నవాళ్ళు ముగ్గురు తేలారు. ఆ ముగ్గురూ ఆ రోజు ఊళ్ళోనే లేరు.

పిల్లలు పెద్దమ్మ అని పిలిచే ఆ వంటావిడ ఇరవై రెండేళ్ళుగా అక్కడ వండుతోంది. హెడ్మాస్టరుగారు మంచివారే గాని, భయస్థుడు. కంగారులో మిగిలిన నిమ్మరసమంతా కాలువలో పోయించి, పాత్రలన్నీ కడిగించేశారు. పరీక్ష చేద్దామంటే చుక్క లేదు. పెద్దమ్మని, "కొన్నాళ్ళు ఇంట్లో ఉండు" అన్నారు. కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళో ఆయనకే తెలియదు.

సోమవారం పొద్దున పెద్దాఫీసరు ఎంతగారి గదికి వచ్చారు. "గురువారం మూడింటికి తల్లిదండ్రుల మీటింగు. నాకు ఒక్క ముక్క చాలు. విషమా, కాదా?"

"ఎంత..." అని మొదలుపెట్టారు ఎంతగారు.

"ఆ మాట అనకండి!" అని చెవులు మూసుకుని వెళ్ళిపోయారు పెద్దాఫీసరు.

ఎంతగారు పద్దెనిమిది గ్లాసులూ బుట్టలో పెట్టుకుని బడికి బయల్దేరారు. వెనక ప్రకటనలమ్మాయి. ఒక్కొక్క పిల్లనీ, పిల్లవాణ్ణీ పిలిచి, "నువ్వు తాగిన గ్లాసు ఏది? ఎన్ని తాగావు?" అని అడగడం. పిల్లలకి ఇది ఆటల పోటీలకన్నా బాగుంది.

"నేను ఇంత తాగా!" అని ఒకడు రెండు చేతులూ చాచాడు. ఎంతగారు టేపు తీసి ఆ చేతుల మధ్య కొలిచారు. "అంత గ్లాసు ఉండదు బాబూ. నిజం చెప్పు." "ఒకటి" అన్నాడు వాడు తల వంచుకుని.

కప్పు గెలిచిన ఒక పిల్ల, "నేను రెండున్నర" అంది.

"మిగతా సగం ఏమైందమ్మా?"

"మా చెల్లి లాక్కుని తాగేసింది."

"చెల్లి ఎంత?"

"నాలుగేళ్ళు."

"ఇప్పుడెలా ఉంది?"

"బాగానే ఉంది. నిన్న నా కప్పు కూడా విరగ్గొట్టింది."

రెండు రోజులు పట్టింది తొంభై మందికి. మంగళవారం సాయంత్రం ప్రకటనలమ్మాయి ఓపిక అయిపోయింది. "సార్, పిల్లలందరూ బాగున్నారు కదా. 'ఇప్పుడు ఏ ప్రమాదమూ లేదు' అని రాసి అంటించేద్దాం."

"ఎందుకు లేదో చెప్పకుండా లేదంటే, విన్నవాళ్ళు ఉందనే అనుకుంటారమ్మా. నువ్వే అనుకోవూ?" అన్నారాయన. కాగితం మీద గీతలు చూపించారు. "చూడు. అన్నమూ కూరా అందరూ తిన్నారు. కాబట్టి తప్పు వాటిది కాదు. రసం సగం గ్లాసు తాగినవాళ్ళకి ఏమీ కాలేదు. ఒకటి తాగినవాళ్ళకి కడుపులో తిప్పింది. రెండు దాటినవాళ్ళు వాంతి చేసుకున్నారు. గెలిచిన పిల్లలు ఎక్కువ పరిగెత్తారు. ఎక్కువ దాహమేసింది. ఎక్కువ తాగారు. కక్ష గట్టి విషం పెట్టినవాడికి దాహం చూసి వడ్డించడం తెలియదమ్మా."

"మరి రసంలో ఏముంది సార్?"

"అది చెప్పగలిగిన మనిషి ఒక్కరే ఉన్నారు."

బుధవారం పొద్దున్నే ఇద్దరూ పెద్దమ్మ ఇంటికి వెళ్ళారు. సందు చివర రెండు గదుల ఇల్లు. పట్టపగలు తలుపు వేసి ఉంది. మనవరాలు తీసింది. లోపల పెద్దమ్మ గోడకేసి తిరిగి కూర్చుని ఉంది. పక్కనే సర్దిన సంచీ.

"రేపు అమ్మమ్మ వాళ్ళ చెల్లెలి ఊరికి వెళ్ళిపోతున్నాం" అంది మనవరాలు మెల్లగా. "ఇంక ఇక్కడ ఉండం."

పెద్దమ్మ తల తిప్పకుండానే అంది. "ఏం కలిపానని అడగడానికేగా వచ్చారు? ఏమీ కలపలేదు. నాలుగు రోజుల్నుంచి చెప్పిందే చెప్పి నోరు పడిపోయింది. ఇంక నన్నొదిలెయ్యండి బాబూ."

ప్రకటనలమ్మాయికి చెంప మీద కొట్టినట్టయింది. సోమవారం ఫోన్లో తను కూడా అదే ప్రశ్న అడిగింది.

ఎంతగారు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. "ఎన్ని నిమ్మకాయలమ్మా?"

పెద్దమ్మ గోడకేసే, "నూట పద్నాలుగు" అంది. మళ్ళీ తనే, "రెండు మెత్తబడితే పారేశా. నూట పన్నెండు."

"పంచదార?"

"మూడు కిలోలు. పైన గుప్పెడు."

"ఎవరి గుప్పెడు?"

పెద్దమ్మ ఇటు తిరిగింది. "ఎవరి గుప్పెడంటే? నాదే! ఇరవై రెండేళ్ళుగా ఆ వంటింట్లో ఇంకెవరి గుప్పెడూ పడలేదు."

ఎంతగారి ముఖం చూడాలి అప్పుడు! ఎన్నాళ్ళకో తన భాష మాట్లాడే మనిషి దొరికినట్టు పొంగిపోయారు. "నీళ్ళెన్ని బిందెలు? ఎన్నింటికి కలిపారు? దేంట్లో?"

"ముందురోజు సాయంత్రం అయిదింటికి కలిపా. తెల్లారేదాకా ఉంటే చల్లగా, కమ్మగా ఉంటుందని. స్టీలు గుండిగలు రెండూ వంటకి కావాలి కదా, హెడ్మాస్టరుగారు కొత్త తొట్టి తెప్పించారు. ఇనప తొట్టి, తెల్లగా తళతళా మెరుస్తోంది. అయినా నాకు తృప్తి లేక, నిమ్మ తొక్కలేసి మూడుసార్లు తోమాను. పిల్లల నోట్లోకి వెళ్ళేది కదా బాబూ."

ఎంతగారి చేతిలో పెన్సిలు ఆగింది. కళ్ళు మూసుకుని, ఆ కొత్త తొట్టినీ, ఆ మెరుపునీ, అయిదింటి నుంచి మర్నాడు మధ్యాహ్నం దాకా అందులో నానిన పులుపునీ తలచుకున్నారు. ఆయనకి సంగతి తెలిసిపోయిందని ప్రకటనలమ్మాయికి అర్థమైంది. ఇక లేస్తారనుకుంది.

ఆయన లేవలేదు. తన సంచీలోంచి పిల్లల పట్టిక తీశారు. "ఇంకొక్కటమ్మా. మీరెంత తాగారు?"

"నేనా?"

"మీరే."

"మూడు గ్లాసులు." మనవరాలి వైపు చూడకుండా అంది. "మొదటి పిల్ల కక్కుకోగానే, గబగబా ముంచుకుని తాగాను. అందులో ఏదన్నా ఉంటే ముందు నేనే పోతాను కదా, పిల్లలకి తెలుస్తుంది కదా అని. మర్నాడు పొద్దెక్కేదాకా బక్కెట పక్కనే పడున్నా."

"అమ్మమ్మా! నాతో చెప్పలేదేం?" అంది మనవరాలు.

"అడిగితేగా ఎవరన్నా!"

ప్రకటనలమ్మాయి పట్టికలోకి తొంగి చూసింది. బడిలో పిల్లలు తొంభై. పట్టికలో వరుసలు తొంభైఒకటి. ఆఖరి వరుసలో, సోమవారం పొద్దున బడికి బయల్దేరకముందే వేసుకున్న సిరా అక్షరాల్లో, "వంటావిడ: ఎంత?" అని ఉంది. ఊరంతా ఆవిణ్ణి చేటు చేసినవాళ్ళ లెక్కలో రాసుకుంటే, ఆయన ఒక్కరే చేటు జరిగినవాళ్ళ లెక్కలో రాసుకున్నారు. ఈ మనిషి ఎంత, ఎంత అని ప్రాణాలు తోడేది ఇందుకా అనుకుంది ఆమె. ఆమె తల్లి రోజూ సాయంత్రం ఫోన్లో "ఎంత తిన్నావే?" అని అడుగుతుంది. ఆ అడగడమూ ఈ అడగడమూ ఒకటేనని అంతవరకూ తట్టలేదు.

ఎంతగారు ఖాళీ గడిలో 3 వేసి, కళ్ళజోడు పైకి నెట్టుకున్నారు. "ఇప్పుడెలా ఉందమ్మా? అన్నం తింటున్నారా?"

"తినడం లేదు."

"ఎంత తినడం లేదు?"

నాలుగు రోజుల తర్వాత పెద్దమ్మ నవ్వింది. మనవరాలు కూడా నవ్వింది. "ఇదేం ప్రశ్న బాబూ?" అంటూనే లేచి వెళ్ళి పొయ్యి వెలిగించింది.

ఆ మధ్యాహ్నం ఆఫీసుకి నూట పన్నెండు నిమ్మకాయలు వచ్చాయి. అందరూ పిండాల్సిందే. ప్యూను పిండాడు, లాబొరేటరీ ఆయన పిండాడు, వేలు కోసుకుని గాయమున్న పెద్దాఫీసరు కూడా "అబ్బా, అమ్మా" అంటూ పిండారు. గుప్పెడు పంచదార దగ్గర పని ఆగింది. ఎంతగారు ఎవరి గుప్పెడూ ఒప్పుకోలేదు. మనవరాలితో కబురు పెట్టి పెద్దమ్మనే పిలిపించారు. సగం రసం బడి నుంచి తెప్పించిన ఆ తొట్టిలో, సగం స్టీలు గుండిగలో పోసి, అయిదింటికి మూత పెట్టారు. మర్నాడు మధ్యాహ్నం రెండింటికి లాబొరేటరీ ఆయన కాగితం తెచ్చాడు. స్టీలు గుండిగలో రసం నిమ్మరసమే. తొట్టిలో రసం నిండా జింకు.

మూడింటికి మీటింగు. హాలు కిటకిటలాడుతోంది. ముందు వరుసలో, కప్పు గెలిచిన పిల్ల తండ్రి లేచి, "చుట్టూ తిప్పకుండా చెప్పండి. విషమా, కాదా?" అన్నాడు.

ఎంతగారు లేచారు. నోరు తెరిచారు. పెద్దాఫీసరు కళ్ళు మూసుకున్నారు. అప్పుడు ప్రకటనలమ్మాయి ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని మెల్లగా కూర్చోబెట్టి, తను లేచింది.

"ఆ తొట్టి తుప్పు పట్టకుండా పైన జింకు పూత ఉంటుందండీ. నీళ్ళకి అది ఓర్చుకుంటుంది, పులుపుకి ఓర్చుకోదు. దాదాపు రోజంతా నిమ్మరసం అందులో ఉండేసరికి పూత కరిగి రసంలో దిగింది. సగం గ్లాసుకి ఏమీ కాదు. గ్లాసుకి కడుపులో తిప్పుతుంది. రెండు దాటితే వాంతి అవుతుంది. వాంతితోనే చాలావరకూ పోయింది, మిగిలింది ఒంట్లో నిలవ ఉండే రకం కాదు. మీ పిల్లలకి ఇవాళా లేదు, రేపూ లేదు, పెద్దయ్యాకా ఏ చేటూ లేదు. ఎక్కువ పరిగెత్తిన పిల్లలు ఎక్కువ తాగారు. అందరికన్నా ఎక్కువ తాగింది మాత్రం పిల్లలు కాదు." ఆమె పట్టిక పైకెత్తింది. "తొంభై ఒకటో వరుస. వంటావిడ. మూడు గ్లాసులు."

"ఆవిడా తాగిందా?" అన్నాడు ఆ తండ్రి. "ఎప్పుడు?"

"అందరికన్నా ముందు మీ అమ్మాయి వాంతి చేసుకుంది కదా, ఆ మరుక్షణం. అది మంచిదో కాదో తన ఒంటి మీద చూసుకుందామని."

అతను కూర్చున్నాడు. వెనకనుంచి ఎవరో తల్లి గొంతు, "ఇప్పుడెలా ఉంది తల్లీ ఆవిడకి?" అంది. ఆ ఒక్క మాట కోసమే కాచుకున్నట్టు హాలంతా ఒకేసారి అడగడం మొదలుపెట్టింది. ఆ ముగ్గురు సాక్షులూ ఎప్పుడు జారుకున్నారో ఎవరూ చూడలేదు.

హెడ్మాస్టరుగారు లేచి, "తొట్టి కొన్నది నేను, కడిగించేసింది నేను, ఆవిణ్ణి పంపింది నేను. నాది తప్పు" అన్నారు. భయస్థుడికి ఆ మాట అనడం ఎంత కష్టమో భగవంతుడికే తెలుసు.

"మా ఇంట్లోనూ అలాంటి తొట్టి ఉందండీ. నీళ్ళు పట్టుకోవచ్చా?" అని ఒకావిడ అడిగింది.

"ఎంతసేపు?" అన్నారు ఎంతగారు, ఇక ఆపుకోలేక. హాలు గొల్లున నవ్వింది. "నీళ్ళకి పరవాలేదమ్మా. పులుపు మాత్రం వద్దు" అని తనూ నవ్వేశారు.

పెద్దమ్మ ఊరు వదల్లేదు. సోమవారం పొద్దున హెడ్మాస్టరుగారే వెళ్ళి తీసుకొచ్చారు.

మధ్యాహ్నం భోజనాల గంట కొట్టాక ఎంతగారూ, ప్రకటనలమ్మాయీ అక్కడికి వెళ్ళేసరికి, పిల్లలు బల్లల ముందు కూర్చున్నారు. కంచాలు మాత్రం ఎవరూ ముందుకు జరపడం లేదు. ఎవరో మొదలుపెడతారని అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. గరిటె పట్టుకుని నిలబడిన పెద్దమ్మ ఏ కంచం దగ్గరికీ వెళ్ళడం లేదు. ఎంత పెద్ద మీటింగు పెట్టి చెప్పినా, పిల్లల కడుపులోకి మాట దిగడానికి టైము పడుతుంది కదా.

ఎంతగారు వెళ్ళి, కప్పు గెలిచిన పిల్ల పక్కన ఆ బుల్లి బల్ల మీద ఇరుక్కుని కూర్చున్నారు. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. కంచం ముందుకు జరిపారు.

పెద్దమ్మ దగ్గరికి వచ్చింది. "ఎంత వెయ్యమంటారు బాబూ?"

ప్రకటనలమ్మాయి గ్రాములా, చెంచాలా అనుకుంది.

ఎంతగారు ఆవిడ చేతికేసి చూశారు. "మీ చెయ్యి ఎంత వేస్తే అంత" అన్నారు.

పెద్దమ్మ గరిటె ముంచింది. ఇరవై రెండేళ్ళ చెయ్యి అది. ఒక గరిటె, ఇంకో గరిటె, పైన కూర. కంచంలో కొండ లేచింది. ఆయన పెద్ద ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, తృప్తిగా తల ఊపారు. కప్పు గెలిచిన పిల్ల ఆ నోటికేసి, ఆ కంచానికేసి మార్చి మార్చి చూసి, చటుక్కున తన కంచం ఎత్తింది.

"పెద్దమ్మా! నాకూ ఈయనకేసినంత!"

"అంతా?" ఎంతగారు ముద్ద మింగబోయి ఆగిపోయారు. "అమ్మా, నీ బరువెంత?"

"మీరు మాట్లాడకుండా తినండి బాబూ" అంది పెద్దమ్మ, గరిటె ఆయన వైపు ఆడిస్తూ.

ఆయన మాట్లాడకుండా తిన్నారు.